సున్నా నంబరు గుండె

ప్రతి సోమవారం ఉదయం తొమ్మిది గంటలకు ఆ ప్రయోగశాలలో అందరూ ఒకే గుండెను కొలిచేవారు. కొలవడమంటే కొలత తీయడమే, పూజ చేయడం కాదు. కాని దీపాలు తగ్గించిన గదిలో, తెరల ముందు నోళ్లు మూసుకుని వరసగా కూర్చున్న ఆ మనుషుల్ని చూస్తే అది ఏ రకం కొలవడమో కొత్తవాళ్లకు ఓ పట్టాన తేలేది కాదు.

నియమం పెట్టింది ప్రొఫెసరు. ఊరికే పెట్టలేదు. అక్కడి పని ఎకో బొమ్మల్ని కొలవడం. ఛాతీ మీద చిన్న పరికరం ఆనించి తీసిన, కదిలే గుండె బొమ్మల్లో గోడ మందం ఎంత, గది వెడల్పు ఎంత అని మిల్లీమీటర్లలో రాయడం. మనిషి కన్ను నమ్మదగింది కాదు. శుక్రవారం తొమ్మిదన్న గోడను సోమవారం పది అంటుంది. రెండ్రోజుల సెలవులో కన్ను కూడా కాస్త ఒళ్లు చేస్తుంది కాబోలు. అందుకని వారం మొదలవగానే, ఇంకెవరి గుండె జోలికీ వెళ్లకముందు, అందరూ ఒకే పాత బొమ్మను కొలవాలి. గోడ తొమ్మిది, గది నలభై ఆరు. అర మిల్లీమీటరు దాటి తేడా వచ్చిందా, ఆ మనిషికి ఆ రోజు గుండెలు బంద్. కూర్చుని కాగితాలు సర్దుకోవడమే.

ఆ బొమ్మకు దస్తావేజుల్లో ఉన్న పేరు ‘నమూనా సున్నా’. దాని కింద, ‘నార్మల్. ఆరోగ్యవంతురాలైన వలంటీరు’. ల్యాబులో అందరూ ‘సున్నాగారు’ అని మర్యాదగా పిలిచేవారు. “సున్నాగారి దగ్గర హాజరు వేయించుకున్నావా?” అని ఒకర్నొకరు అడిగేవారు. లోకంలో ఎక్కడైనా సున్నా వస్తే తలదించుకుంటారు, ఇక్కడొక్కచోటే సున్నా సరిగా వస్తే తలెత్తుకుని తిరుగుతారు అని అక్కడి పాత ఉద్యోగి ఒకాయన జోకు. ఆయన నిలువునా ఆరడుగులు, అడ్డంగా ఇంచుమించు అంతే. అర మిల్లీమీటరు తేడా వస్తే ఆ పూటకు భోజనం మానేస్తాడు గనక ఆయన్ను మిల్లీమీటరనే పిలిచేవారు.

ప్రొఫెసరుకూ ఓ పేరుంది, వెనకాల పిలిచేది. గుండుగారు. గుండె మీద పనిచేసి చేసి చివరికి నెత్తి మీద మిగిలింది అదే కాబట్టి.

ముప్పై ఒక్క ఏళ్ల పని అది. ఆరోగ్యంగా ఉన్న మనుషుల్ని పద్దెనిమిది వందల పన్నెండు మందిని ఎంచుకుని, రెండేళ్లకోసారి పిలిచి, వాళ్ల గుండెలు ఎలా వయసు పైబడుతున్నాయో ఆయన చూస్తూ వచ్చాడు. అందరూ జబ్బుపడ్డ గుండెల వెంట పరిగెత్తుతున్న రోజుల్లో, అసలు బాగున్న గుండె ఎలా ముసలిదవుతుందో తెలియకుండా జబ్బేదో మామూలేదో ఎలా చెబుతారని అడిగిన మనిషి ఆయన. మొదట్లో నవ్వారు. తర్వాత ఆయన్నే అడిగారు. ఇప్పుడు వైద్య పుస్తకాల్లో ఒక వంపు గీత ఉంటుంది, అడ్డంగా వయసు, నిలువుగా గుండె గోడ మందం. దానికి ఆయన పేరే. ఆ గీతకు లోపల ఉన్నవాళ్లకు డాక్టర్లు “మీకేం లేదు, ఇంటికెళ్లండి” అంటారు.

ఆయనకు మాత్రం ఇంటికెళ్లమని చెప్పేవాళ్లు లేరు. ఆ పద్దెనిమిది వందల మందితో ఆయనది నిజమైన రక్తసంబంధం, వచ్చిన ప్రతిసారీ సిరంజినిండా తీసుకునేవాడు. ఆరువందల నలభయ్యో నంబరాయన ఉద్యోగం మారాడనీ, తొమ్మిదివందల రెండో నంబరావిడకు మనవరాలు పుట్టిందనీ ఆయనకు తెలుసు. ఆయన పుట్టినరోజు ఎప్పుడో వాళ్లలో ఒక్కరికీ తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేదు, ఫారంలో ప్రశ్నలన్నీ ఇటునుంచి అటే. ఏవో సభలకు పిలిస్తే దేశాలు దాటి వెళ్లేవాడు. సభలో చుట్టూ జనం. మర్నాడు పొద్దున హోటల్లో ఇద్దరు కూర్చునే బల్ల దగ్గర ఒక్కడూ. “ఇంకెవరైనా వస్తారా సార్?” అని వెయిటరు అడిగి, లేదంటే ఎదుటి పళ్లెం, చెంచా, గ్లాసు ఒక్కొక్కటే తీసుకెళ్లేవాడు. ఆ మూడూ తీసేదాకా ప్రొఫెసరు మెనూ కార్డులోంచి తల ఎత్తేవాడు కాదు.

ఎకో అంటే ప్రతిధ్వని. ఆయన ఇంట్లో నోరు తెరిస్తే బదులొచ్చేది అదొక్కటే. గుండె ఎడమవైపున ఉంటుంది, భార్య ఎడంగా ఉంటుంది. అదీ ఆయన సంసారం. వెళ్లిపోయి పంతొమ్మిదేళ్లు.

ఓ సోమవారం ల్యాబులోకి కొత్తగా ఒకావిడ చేరింది. నలభై దాటిన మనిషి. ఇరవయ్యేళ్లు పెద్ద ఆస్పత్రిలో ఎకోలు తీసి, డ్యూటీల మీద డ్యూటీలు చేసి, నడుము పట్టేసి, కూర్చునే పని కావాలని వచ్చింది. మిల్లీమీటరు ఆవిడకు అప్పుడే ‘ఆస్పత్రమ్మ’ అని నామకరణం చేసేశాడు.

“ఏవమ్మా, పావుగంటయింది. గోడ ఎంతొచ్చింది?”

“గోడ సంగతి తర్వాత సార్. ఈవిడెవరు?”

“ఈవిడేమిటి? సున్నాగారు.”

“గారో గీరో, ఆడమనిషి గుండె. ఈవిడకి కవాటం జారుతోందని ఎవరైనా చెప్పారా?”

మిల్లీమీటరు గట్టిగా నవ్వాడు. “సున్నాగారికి జబ్బా! అమ్మా, మేమందరం ఆ గుండె చూసే బతుకుతున్నాం. దానికి జబ్బుంటే ఇక్కడందరికీ రోగమే.”

“మీరంతా ఎలా ఉన్నారో నాకు తెలీదు గానీ, ఈ రెక్క చూడండి. వెనకది. గుండె బిగిసిన ప్రతిసారీ అవతలికి ఒరుగుతోంది. ఆస్పత్రిలో అయితే మొదట రాసే ముక్క ఇదే.”

తలుపు దగ్గర ప్రొఫెసరు నిలబడి ఉన్నాడు. సోమవారాలు ఆయన కూడా వచ్చి కొలుస్తాడు. వయసులో పెద్ద, పదవిలో పెద్ద అని కంటికి మినహాయింపు లేదు కదా. ఆయన నెమ్మదిగా వచ్చి ఆవిడ భుజం మీదుగా తెరలోకి చూశాడు.

పై గదికీ కింది గదికీ మధ్య రెండు రెక్కల తలుపు ఒకటి ఉంటుంది. దాన్ని మన పెద్దలు కవాటమనే అన్నారు. గుండె బిగిసినప్పుడు రెండు రెక్కలూ వచ్చి గడప మీద కలుసుకోవాలి. ఈ తలుపులో వెనక రెక్క గడప దగ్గర ఆగడం లేదు. గాలికి తెర పొంగినట్టు కొంచెం అవతలికి పొంగి, మళ్లీ వెనక్కి వస్తోంది. మూడు మిల్లీమీటర్లు. నిమిషానికి డెబ్బై రెండుసార్లు. ముప్పై ఒక్క ఏళ్లుగా.

ఆయన ఆ బొమ్మను పదిహేను వందల సార్లకు పైగా కొలిచాడు. గోడ కొలిచాడు, గది కొలిచాడు. రెక్క వైపు చూడలేదు. చూడనేకూడదని కాదు, ఫారంలో దానికి గడి లేదు. గడి లేనిది గుండెలో ఉన్నా లేనట్టే.

“ఎవరు సార్ ఈవిడ? ఇప్పుడెలా ఉన్నారు?” అని అడిగింది ఆస్పత్రమ్మ. అది ఆస్పత్రి అలవాటు. ఆ ల్యాబులో ముప్పై ఒక్క ఏళ్లలో సున్నాగారి గురించి ఎవరూ అడగని ప్రశ్న.

“వలంటీరు,” అన్నాడు ప్రొఫెసరు. “ఆరోగ్యవంతురాలైన...” అని ఆగిపోయి తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

ఆ బొమ్మ తీసింది ముప్పై ఒక్క ఏళ్ల కిందట, యంత్రం చెక్కపెట్టెలో వచ్చిన రోజు. విప్పడానికే ఓ పూట పట్టింది. విప్పాక పనిచేస్తోందో లేదో చూడడానికి ఓ గుండె కావాలి. అప్పటికి ల్యాబులో ఉన్నది తనూ, తాళాలు చూసుకునే ముసలాయనా. అప్పుడే భార్య, ఆయన ఇంట్లో మర్చిపోయిన లంచ్ బాక్సు తీసుకుని వచ్చింది. పెళ్లయి ఏడాది. ఇరవై ఏడేళ్లు. “రా రా, పడుకో, చల్లగా ఉంటుంది, కదలకు,” అన్నాడు. జెల్లీ చల్లదనానికి ఆమె కిలకిలా నవ్వింది. నవ్వితే బొమ్మ అదిరింది. కాసేపయ్యాక తెర వైపు తల తిప్పి అడిగింది.

“నా గుండె కనిపిస్తోందా?”

“బ్రహ్మాండంగా.”

“అందులో ఎవరున్నారో చెప్పండి చూద్దాం.”

“గోడ తొమ్మిది మిల్లీమీటర్లుంది,” అన్నాడు కొత్త పెళ్లికొడుకు.

గోడ మందం కొలవడంలో ఆయన బుద్ధి బహు చురుకు. మిగిలిన విషయాల్లో బుద్ధే మందం.

తర్వాతి సంగతి ఆయనకిప్పుడు వరసగా గుర్తొచ్చింది. గుర్తురాకుండా ఉంటే బాగుండుననిపించేంత స్పష్టంగా. మెట్లెక్కి వచ్చి గోడకానుకుని, “దడగా ఉందండీ,” అనేది. “నీకా? నీది నమూనా గుండె. నిన్ను చూసి మిగతావాళ్లను కొలుస్తున్నాం,” అనేవాడు. అందులో వెటకారం లేదు, గర్వమే. మళ్లీ ఓ రోజు, “పడుకుంటే లోపలేదో టప్పుమంటోంది.” “నిన్ననే చూశాను నిన్ను. శుభ్రంగా ఉన్నావు.” నిన్న అంటే సోమవారం. చూసింది బొమ్మను. ఆరేళ్లు అలా చెప్పి, ఆమె చెప్పడం మానేసింది. దడ తగ్గిందనుకున్నాడు. మరికొన్నాళ్లకు మాట్లాడడమే తగ్గించింది. ఇంట్లో ప్రశాంతంగా ఉంది, పని బాగా సాగుతోంది అనుకున్నాడు. ఒక రోజు రెండు సూట్‌కేసులతో బయల్దేరింది. పోట్లాట లేదు. పోట్లాటకు ఇద్దరు కావాలి, ఆయన ఆ రోజు కూడా ల్యాబులోనే ఉన్నాడు.

మిల్లీమీటరు తలుపు కొట్టి లోపలికొచ్చాడు. “లెక్క చూశాను సార్. కంగారేం లేదు. మనకు కావలసింది మారని కొలత. గోడ అదే, గది అదే. ఒక్క అంకె కూడా కదలదు. మీ గీత చెక్కుచెదరదు.”

“థాంక్స్,” అన్నాడు ప్రొఫెసరు. మిల్లీమీటరు హమ్మయ్య అనుకుంటూ వెళ్లిపోయాడు. లోకంలో దీనివల్ల నష్టపోయే మనిషి ఒక్కతే, ఆమె లెక్కలో లేదు.

బీరువాలోంచి తన వ్యాసమే ఒకటి తీశాడు. ఇలా రెక్క జారిన వాళ్లను నలభై ముగ్గుర్ని కనిపెట్టుకుని ఉండి, పదకొండేళ్ల కిందట తనే రాశాడు. ఇరవై తొమ్మిది మందికి ఏమీ కాలేదు. ఎనిమిది మందికి లీకు పెరిగింది. నలుగురికి ఆపరేషను. మిగిలింది ఇద్దరు. ఒకరు స్నానాల గదిలో, ఒకరు బస్టాపులో. అప్పుడు రాసిన వాక్యం ఇప్పుడు కళ్లెదుట ఉంది: ‘ఆకస్మిక మరణం: 2 (4.7 శాతం)’. ఆ రోజు ఆ పాయింటు ఏడు కోసం ఎంత ముచ్చటపడ్డాడో.

ఆమె ఫోన్ నంబరు లేదు. మరదలి నంబరుంది.

“ఎవరూ?” అంది మరదలు. వెనకాల ఏదో మిక్సీ రొద. “ఎవరు? బావా? బావగారేనా? ఉండండి, కూర్చోనివ్వండి. మీరే గుండె డాక్టరయ్యుండి నాకిలా గుండె ఆగేలా ఫోన్లు చేయడమేంటండీ!”

“అక్క నంబరు కావాలి.”

“పంతొమ్మిదేళ్లకు గుర్తొచ్చిందా? ఏం, బిరుదులు దాచుకోడానికి బీరువా చాలడం లేదా?”

“దానికి... దాని గుండెలో ఓ చిన్న తేడా ఉంది. వెంటనే చూపించుకోవాలి. నవ్వులాట కాదు.”

మిక్సీ ఆగింది. మరదలు చాలాసేపు మాట్లాడలేదు. ఆవిడ మాట్లాడకపోవడం ఆయన అంతవరకు వినలేదు.

“ఫోనులో చెప్పే విషయం కాదు బావా,” అంది చివరికి, గొంతు మార్చి. “పెద్ద లైబ్రరీలో పనిచేస్తోంది. కింద, పుస్తకాలు బాగుచేసే గదిలో. మీరే వెళ్లండి. మీరే వెళ్లి మీరే వినండి.”

‘వినండి’ అన్న మాట ఆయన పట్టించుకోలేదు. తను చెప్పడానికి వెళ్తున్నాడు కదా.

లైబ్రరీ కింది అంతస్తులో పొడుగాటి గది. జిగురు వాసన. గోడ వారగా ఇనప ప్రెస్సులో నలిగిన పుస్తకాలు, బల్ల మీద దారపు ఉండలు, బ్రష్షులు, కాగితం మడతలు నొక్కే ఎముక పుల్ల. పెళ్లి బంధం ఊడినా ఆవిడకు బైండింగు వదల్లేదన్నమాట. ఆమె ఓ అట్ట ఊడిన నిఘంటువును ఒళ్లో పెట్టుకున్నట్టు పెట్టుకుని కుడుతోంది. జుట్టు నెరిసింది. కళ్లజోడు వచ్చింది. తలెత్తి చూసి, సూది ఆపకుండానే, “కూర్చోండి. ఆ కుర్చీ కాదు, దాని కాలు ఊగుతుంది,” అంది. నిన్ననే చూసిన మనిషితో అన్నట్టు.

ఆయన దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూ వచ్చాడు. రోగికి భయం పుట్టకుండా ఎలా చెప్పాలో పాతికేళ్లుగా విద్యార్థులకు పాఠం చెబుతున్నాడు. పాఠంలోది ఒక్క ముక్క కూడా నోటికి రాలేదు.

“నీ పాత ఎకో బొమ్మ ఉంది కదా... అందులో కవాటం జారుతోంది. ఇవాళే తెలిసింది. ఇవాళే చూపించుకోవాలి నువ్వు. నేను ఏర్పాటు చేస్తాను, ఎవరి దగ్గరికైనా...”

“ఎనిమిదేళ్లయిందండీ.”

“ఏమిటి?”

“ఆపరేషనయి.” దారం పంటితో తెంపింది. మెడ దగ్గర బొత్తాం ఒకటి విప్పి, వేలితో చొక్కా అంచు కొంచెం దించింది. ఛాతీ ఎముక మీద, నడిమధ్య, తెల్లబడిన సన్నని గీత పైకొస. ఆయన పేరు లేని గీత.

ప్రొఫెసరు ఊగే కుర్చీలోనే కూర్చున్నాడు.

“ఎవరు... ఎవరు కనిపెట్టారు?”

“మా వీధి చివర క్లినిక్కాయన. జలుబని వెళ్లాను. గొట్టం పెట్టి విని, లోపల క్లిక్కుమంటోంది, ఇదివరకెప్పుడైనా దడగా ఉండేదా అని అడిగాడు. నిమిషం పట్టలేదు.” మళ్లీ సూదిలోకి దారం ఎక్కించడానికి కళ్లజోడు సర్దుకుంది. “ఆ అడగడానికే ఏడుపొచ్చింది నాకు. జలుబనుకున్నాడు పాపం.”

“నాకెందుకు చెప్పలేదు?”

“చెప్పాను కదండీ. ఆరేళ్లు చెప్పాను. తర్వాత వేరేవాళ్లకు చెప్పాను.”

ఆయన చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. తప్పయిందనాలి. అంత చిన్న మాటకు నోరు చాల్లేదు. అలవాటైన దారినే పోయింది. “కవాటం మార్చారా, బాగుచేశారా? రింగు వేశారా? ఎన్నో సైజు?”

ఆమె నవ్వింది. యంత్రం పక్కన పడుకున్న రోజు నవ్వు కాదు, కాని నవ్వే. “ఇదిగో, మళ్లీ గోడ కొలుస్తున్నారు.”

ప్రెస్సు మీద తడి అట్టలు ఆరుతున్నాయి.

“ఆ బొమ్మ ఇంకా ఉందా?” అంది.

“ప్రతి సోమవారం. అందరం. నేనూ.”

“అంటే వారం వారం నన్ను చూశారన్నమాట.”

“చూశాను.”

“ఉహు,” అంది. “కొలిచారు.”

లేచి వెళ్లాల్సిన సమయం అదేనని ఆయనకు తెలుసు. లేవలేదు. “ఇప్పుడెవరు చూస్తున్నారు? రిపోర్టులు ఒక్కసారి నాకు...”

“రిపోర్టులివ్వను. గురువారం ఏడాది పరీక్ష ఉంది. తోడెవరూ అని అడుగుతారు ప్రతిసారీ. పక్కింటావిడను తీసుకెళ్తుంటాను, పాపం ఆవిడకు మోకాళ్లు. కావాలంటే మీరు రండి.” సూది చివర ఆయన వైపు చూపించింది. “కాని మీరెవరో చెప్పకూడదు. చెప్పారంటే డాక్టర్లంతా మీ చుట్టూ చేరి ఫొటోలు తీయించుకుంటారు, నన్ను బల్ల మీద మర్చిపోతారు.”

“చెప్పను.”

“ఇంకోటి. ఆ బొమ్మ ఉంచుకోండి, నాకేం అభ్యంతరం లేదు. దాని కింద నార్మల్ అన్న ముక్క మాత్రం కొట్టేయండి.”

బుధవారం నాడు కొట్టేశాడు. పత్రికకు సవరణ కూడా పంపాడు. ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసులో ఆయన రాసిన అతి చిన్న వ్యాసం, ఒకే ఒక్క వాక్యం. రాయడానికి మాత్రం రోజంతా పట్టింది. ‘నమూనా సున్నాకు జబ్బు ఉన్నది; గమనించవలసినవాడు గమనించలేదు’ అని రాసి, రెండో సగం పత్రికవాళ్లు ఎలాగూ తీసేస్తారని తెలిసీ ఉంచాడు. తీసేశారు.

గురువారం క్లినిక్కులో ఆమెను లోపలికి పిలిచాక, ఆయన బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. ఇలాంటి హాళ్లలోంచి ఆయన వేలసార్లు నడిచి వెళ్లాడు. కూర్చోవడం ఇదే మొదలు. కుర్చీలు ఒకదానికొకటి బిగించి ఉన్నాయి. చివరనెవరో కాలు ఊపితే ఇవతలివాళ్లందరికీ గుండె అదురుతుంది.

“లోపలెవరండీ, మీ ఆవిడా?” అన్నాడు పక్కాయన.

“తోడొచ్చాను.”

“నేను మా అన్నయ్యకు. మూడు గంటలయింది. ఏం చేస్తారండీ లోపల ఇంతసేపు?”

ఏం చేస్తారో ప్రొఫెసరుకు నిమిషం నిమిషం తెలుసు. “ఏమోనండీ,” అన్నాడు. ఆ మాట అనగానే ఇద్దరికీ కొంత తేలికైంది.

చాలాసేపటికి ఓ కుర్ర డాక్టరు చేతిలో ప్లాస్టిక్ గుండెతో వచ్చాడు. ఆమె పేరు పిలిచి, “వారి తాలూకు?” అన్నాడు. ఆయన లేచి నిలబడ్డాడు.

“కూర్చోండి పెద్దాయనా, కంగారుపడకండి. అర్థమయ్యేలా చెప్తాను. గుండెలో నాలుగు గదులుంటాయండీ. ఇదిగో, ఇలా తెరుచుకుంటుంది. ఇది పై గది, ఇది కింద గది. మధ్యలో తలుపు. ఆవిడకు ఈ కుడివైపు తలుపు బాగుచేశారన్నమాట.”

ఎడమవైపు. కుర్రాడు బొమ్మను తన వైపు తిప్పి పట్టుకున్నాడు, అంతే. ప్రొఫెసరు నాలుక చివరిదాకా వచ్చిన మాటను మింగేశాడు.

“తలుపు బాగానే పడుతోంది. కొంచెం లీకుంది, అది ఉంటుంది. పై గది కాస్త పెద్దదయింది. అందుకని అప్పుడప్పుడు దడ రావచ్చు. అర్థమవుతోందా?”

“అవుతోంది. అవుతోంది.” ఆయన నిజంగానే శ్రద్ధగా వింటున్నాడు. తన మొదటి సంవత్సరం క్లాసులో కూడా ఇంత శ్రద్ధగా విన్నట్టు లేదు. “దడ వచ్చిందంటే... ఏం చేయాలి బాబూ?”

“ఏముందండీ, వచ్చిందంటే వచ్చిందని నమ్మండి. నమ్మి తీసుకురండి. కొంతమంది ఇంట్లోవాళ్లు ఊరికే అంటోందనుకుంటారు. మీరు ఇంట్లోనే ఉంటారుగా, కనిపెట్టుకుని ఉండండి.” గుండెను టక్కున మూసి, భుజం తట్టి వెళ్లిపోయాడు.

ఆమె చేతిసంచి సర్దుకుంటూ బయటికొచ్చింది. ఇద్దరూ బస్టాపు వరకు నడిచారు. ఆమె నెమ్మదిగా నడుస్తోంది. ఆయన అంతకంటే నెమ్మదిగా నడవడానికి ప్రయత్నించాడు. మాట నిలబెట్టుకున్నానన్న తృప్తి ఆయన మొహంలో కనబడుతూనే ఉంది.

“ఎవరికీ చెప్పలేదు,” అన్నాడు.

“చూశాను. తలుపు అద్దంలోంచి కనబడింది.” కొంచెం ఆగి, “ఎప్పుడూ ఆ డాక్టరబ్బాయి నా పక్కన స్టూలు వేసుకుని అదంతా నాకు చెప్తాడు. ఆ బొమ్మ నా చేతికిస్తాడు. ఇవాళ తోడు మగమనిషి వచ్చాడు కదా, బయటికొచ్చి మీకు చెప్పాడు. నేను లోపల బొత్తాలు పెట్టుకుంటూ కూర్చున్నాను.”

ఆయనకు ఆ సంగతి తట్టనే లేదు. ఇప్పుడు తట్టాక ఎక్కడ నిలబడాలో తెలియనట్టు పేవ్‌మెంటు అంచున ఆగిపోయాడు. “ఏం చెప్పాడో చెప్పనా?”

“నాకు తెలుసండీ. నాదేగా.” కోపంగా అనలేదు. బస్సు మలుపు తిరగడం చూసి సంచిలో చిల్లర వెతుక్కుంటోంది. “వచ్చే ఏడాది పక్కింటావిడతోనే వెళ్తాను. ఆవిడైతే హాల్లో నిద్రపోతుంది. ఎలా ఉందో మీకు తెలుసుకోవాలనిపిస్తే ఎవరినీ అడక్కండి, నన్నడగండి. చెప్తాను.”

“ఎలా ఉంది?” అన్నాడు ఆయన వెంటనే.

బస్సు వచ్చి ఆగింది. ఆమె ఒక కాలు మెట్టు మీద పెట్టి, ఆయన వైపు తిరిగి, ఆ ప్రశ్న ఎంతవరకు నిజమో చూస్తున్నట్టు చూసింది.

“ఇవాళ బాగానే ఉంది,” అంది. బస్సు తలుపు మూసుకుంది.

కిటికీ పక్కన కూర్చుని సంచి ఒళ్లో పెట్టుకోవడం కనిపించింది. ఆమె ఇటు చూడలేదు. చూడాలని కూడా ఏం లేదు. ఆయన వెళ్లాల్సిన బస్సు రోడ్డుకు అవతలివైపు ఆగుతుంది. ఆకుపచ్చ దీపం వెలిగింది. పక్కనున్నవాళ్లంతా దాటారు. ఆయన ఆ బస్సు వెళ్లిన వైపే చూస్తూ మరోసారి వెలిగేదాకా ఆగి, అప్పుడు ఒక్కడే దాటాడు.